ఉత్త చేతుల బావ

స్వప్న ఫోను చేసినప్పుడు నేను కొత్తగూడెంలో మా వంటింట్లో కూర్చుని ఆవకాయ ముక్కలకు తడి తుడుస్తున్నాను. "అమ్మమ్మా, ఈసారి విత్తనాల పండుగకు నువ్వు రావాలె. వచ్చి తిట్టాలె" అంది. లోకంలో మనుమరాళ్లు ముసలివాళ్లను దీవించడానికి పిలుస్తారు, నా మనుమరాలు తిట్టడానికి పిలిచింది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే భయం వేసింది. స్వప్న నా చెల్లెలు సీతమ్మకు కూతురి కూతురు. సీతమ్మ పోయి ఏడాది దాటింది. ఈ పిల్ల ఊళ్లోనే ఉండి, బడిలో చిన్నపిల్లలకు మా కోయమాటలో పాటలూ కథలూ చెబుతూ ఉంటుంది. పిల్లలు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుతున్నారని, పండుగ పూట డీజే డబ్బా పెట్టి సినిమా పాటలకు ఎగురుతున్నారని దానికి కడుపుమంట. "నేను ఊరంతా చెప్పేసిన. మా అమ్మమ్మ వస్తది, పాత లెక్క తిట్ల పాట పాడుతది, డబ్బా వద్దు అని. నువ్వు పాడకపోతే నా పరువు పోతది" అని కూడా అంది. పరువంటే దానిది ఒక్కదానిదే కాదని మా ఇద్దరికీ తెలుసు. డబ్బాను ఒకసారి ఆపించి పాట రాకపోతే, మళ్లీ ఏ ఏడూ ఎవరూ దాని మాట వినరు.

తిట్ల పాటంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. బూర్గంపాడు దాటి అడవిలోకి పోతే మా గూడెం. అక్కడ ఎండలు ముదిరి, తొలి వాన ఇంకా పడని రోజుల్లో విత్తనాల పండుగ వస్తుంది. మా మాటలో విజ్జ పండుం. అది కానిదే ఎవరూ భూమిలో నాగలి దింపరు, గింజ చల్లరు. ఎంత తొందరైనా సరే, ముందు భూమితో చెప్పుకోవాలి. ప్రతి ఇంటి నుంచీ దోసెడు గింజలు ఊరిపెద్ద వాకిట్లోకి పోతాయి. జొన్నలు, సామలు, కందులు, బొబ్బర్లు అన్నీ ఒకటే కుప్ప. మీ గింజ, మా గింజ అని ఉండదు. దేవర ముందు ఆ కుప్పను పెట్టి, మళ్లీ దోసెడేసి ఇంటింటికీ పంచుతారు. ఆ దోసెడు మన విత్తనాల్లో కలిపితేనే పంట. ఆ రోజే మగవాళ్లంతా వేటకు అడవిలోకి పోతారు, ఆడవాళ్లంతా ఊరి మొగదల దారికి అడ్డంగా తాడు కట్టి నిలబడతారు. వేట తెచ్చినవాడికి కాళ్లకు నీళ్లు, నుదుట బొట్టు. ఉత్త చేతులతో వచ్చినవాడికి నెత్తిన పేడనీళ్లు, వాటితోపాటు తిట్ల పాట. ఏడాదంతా మగవాళ్ల ముందు గొంతు తగ్గించి మాట్లాడే ఆడవాళ్లకు ఆ ఒక్క పూట రాజ్యం దొరికేది. దొరికిన రాజ్యాన్ని మేము బాగానే ఏలేవాళ్లం.

మా ఊళ్లో ఆ పాటకు పెద్ద మా మేనత్త ముత్తమ్మ. నాన్నకు అక్క. ఊళ్లోనే ఇచ్చారు, మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక దడి, ఆ దడిలో అటూ ఇటూ తిరిగే కోళ్లు చేసుకున్న కంత. నా చిన్నతనమంతా నేను కూడా ఆ కంతలోంచే తిరిగాను. అత్త పొద్దున్నే లేచి తునికాకు చుట్ట ముట్టించుకుని, మొహం కడుక్కోకముందే కోడిపుంజుతో గొడవ పెట్టుకునేది. "అరిచినవ్ గదా, తెల్లారింది గదా, ఇంక నోరు ముయ్యి" అని దాన్ని మా మాటలో తిట్టి, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి పోయేది. ఇప్పపూలు ఎండబెట్టే రోజుల్లో వాళ్ల వాకిలంతా తియ్యటి మత్తు వాసన, దాని మీద చుట్ట పొగ, దాని కింద పేడ అలికిన నేల చల్లదనం. ఆ మూడూ కలిసిన వాసన నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. దవాఖానాలో నర్సుగా ముప్ఫై రకాల మందుల వాసనల మధ్య బతికాను గానీ, కళ్లు మూసుకుంటే ముక్కుకు తగిలేది ఇప్పటికీ అదే.

అత్త ఇంట్లో నాకు మొదటి పని జావ కలియబెట్టడం. జొన్నజావ కుండలో కుతకుత ఉడుకుతుంటే అడుగంటకుండా తెడ్డు తిప్పుతూ ఉండాలి. అదే నా బడి. అత్త రోట్లో ఏదో దంచుతూ, నేను తెడ్డు తిప్పుతూ, దారిన పోయే ప్రతివాణ్ణీ చూసి ఒక చరణం కట్టాలి. అత్త ఒక మాట అనేది, నేను రెండోది అందుకోవాలి. రోకటి పోటు పడేలోపల అందుకోకపోతే "అడుగంటింది" అనేది. జావ గురించి కాదు, నా గురించి. ఎవరో నెత్తిన కట్టెలమోపుతో పోతుంటే ఆ కట్టెల మోపుకంటే వాడి తలపాగా పెద్దదని కట్టాలి. ఎవరో కొత్త అంగీ తొడుక్కుని సంతకు పోతుంటే, బోర్లించిన గంపకు అంగీ తొడిగినట్టుందని కట్టాలి. ఇవన్నీ తెలుగులో చెబుతుంటే ఉప్పు వెయ్యని కూర లాగా ఉన్నాయి. మా మాటలో పాడినప్పుడు గంపలో ఉన్న కోడిపిల్లలు కూడా నవ్వేవి.

నోటికి వచ్చినట్టు తిట్టడం తిట్ల పాట కాదు. దానికి మర్యాదలున్నాయి. అత్త వాటిని ఏనాడూ కూర్చోబెట్టి చెప్పలేదు, తప్పు చేసినప్పుడు నెత్తిన ఒక మొట్టికాయ వేసి చెప్పింది. చచ్చిపోయినవాళ్ల ఊసు తేకూడదు. లేమిని ఎత్తకూడదు. ఒంటి మీద ఉన్న లోపాన్ని ముట్టుకోకూడదు. వాడి గొప్పలు, వాడి బద్ధకం, వాడి తిండి, వాడి చేతగాని వేట, ఇవే మనకు గడ్డిమేత. వరస కలిసినవాణ్ణే తిట్టాలి, అంటే బావ కావాలి. అన్నదమ్ముల వరసవాళ్లను పేడనీళ్లతో తడపొచ్చు గానీ పాట కట్టకూడదు. పెళ్లాం మొగుణ్ణి తిట్టకూడదు, అది రోజూ ఉండేదే, పాటకు రాదు. అన్నిటికంటే పెద్ద మర్యాద ఏమిటంటే, తిట్టు విని వాడు నవ్వాలి. వాడు నవ్వితే గెలిచినట్టు, వాడి కళ్లలో నీళ్లు తిరిగితే తిట్టినదానికే పేడనీళ్లు. పాట అయిపోయాక, తిట్టినవాడికి మన చేత్తో జావ పోసి, వాడు తాగాకే మనం తాగాలి. "తిట్టంటే మనిషిని కొలిచి కుట్టిన అంగీ" అనేది అత్త. "ఒకనికి కుట్టింది ఇంకొకనికి పట్టదు. పట్టిందంటే నువ్వు కుట్టలే, కొనుక్కొచ్చినవ్."

ఆ అంగీలన్నీ నేను కుట్టింది ఒక్క మనిషికే. అత్త కొడుకు జోగయ్య బావ. మా ఊరు చూసినవాళ్లలో ఇంత చేతగాని వేటగాడు ఇంకొకడు లేడు. చెట్లు బాగా ఎక్కేవాడు, తేనె బాగా తీసేవాడు, జీలుగు చెట్టెక్కి కల్లు దించితే ఒక్క చుక్క ఒలికేది కాదు. కానీ చేతికి విల్లిచ్చి పంపితే మాత్రం ఏటా ఉత్త చేతులే. అందరికంటే వెనకగా, ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ, పెళ్లికి పోయినట్టు నడుచుకుంటూ వచ్చేవాడు. తాడు దగ్గర అతను కనిపించగానే ఆడవాళ్లంతా నా వైపు తిరిగేవాళ్లు. "విల్లు నీ భుజం మీద పడుకుంది, నువ్వు చెట్టు కింద పడుకున్నావు, మీ ఇద్దరినీ లేపింది చీమా, కుందేలా బావా?" అని ఒక ఏడు కట్టినట్టు గుర్తు. అతను పేడనీళ్లు కారుతున్న మొహంతో పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడు. నాకు గెలుపు, అతనికి జావ. అతనికీ నాకూ పెళ్లి అవుతుందని ఊళ్లో అందరూ అనుకున్నారు, నేను కూడా అనుకున్నాను. మిషన్ దవాఖానాలో నర్సు చదువు చెబుతారని ఎవరో అంటే నాన్న నన్ను ఖమ్మం పంపాడు. చదువు మనిషిని ఎక్కడ దింపుతుందో ఎక్కేటప్పుడు చెప్పదు కదా. నన్ను బొగ్గు బావుల దగ్గర దింపింది. కరీంనగర్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఒక బొగ్గు కార్మికుణ్ణి ఇష్టపడి పెళ్లి చేసుకున్నాను. మంచి మనిషి, ఇప్పుడు లేడు. ఇంట్లో ఆయనది తెలుగు, వాడకట్టంతా తెలుగు, పిల్లలది తెలుగు. నా మాట నాలోపలే ఉండిపోయింది. బావ మా పక్క గూడెం రాజమ్మను చేసుకున్నాడు. రాజమ్మ నాకంటే వంట బాగా చేస్తుంది, నాకంటే గట్టిగా నవ్వుతుంది. ఆ విషయంలో నాకు కొంచెం కుళ్లు.

పండుగకు రెండు రోజుల ముందు ఊరికి పోయాను. దారిలో ఒకప్పుడు ఇప్పచెట్లూ తునికిచెట్లూ ఉన్నచోట ఇప్పుడు వరసలు వరసలుగా జామాయిల్. బడిపిల్లల్ని ప్రార్థనకు నిలబెట్టినట్టు ఉంటాయి. వాటి కింద గడ్డి మొలవదు, పిట్ట వాలదు. ఆ చెట్లన్నీ కాగితాలవుతాయట. నేను రాసే ఈ కాగితం కూడా అందులోంచే వచ్చిందేమో తెలియదు, కాబట్టి గట్టిగా తిట్టలేను. కానీ మా ఊరి వెనక గుట్ట మాత్రం అలాగే ఉంది. పోడు భూములకు పట్టాలు వచ్చాక ఊరివాళ్లంతా కలిసి ఆ గుట్ట మీద గొడ్డలి పెట్టకూడదని కట్టుబాటు చేసుకున్నారని స్వప్న చెప్పింది. సామలూ కొర్రలూ మళ్లీ వేస్తున్నారట. ఎత్తిపోయిన విత్తనాన్ని కొందరు ఆడవాళ్లు వాగు అవతలి చుట్టాల ఇళ్ల నుంచి కొంగున కట్టుకుని తెచ్చారట. అది విన్నప్పుడు నాకు నిజంగా సంతోషమైంది. గింజ పోతే చుట్టాలింట్లో దొరుకుతుంది. మరి పాట పోతే ఎవరింటికి పోవాలని నాకు దిగులు కూడా పుట్టింది.

ఆ దిగులుకు కారణం ఉంది. ఊరికి పోయిన సాయంత్రమే స్వప్న నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఫోను రికార్డింగులో పెట్టి "ఇంక పాడు" అంది. నా ఎదురుగా నలుగురైదుగురు ఆడపిల్లలు గడ్డాల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. ఏమీ రాలేదు. పండుగల్లో ఆడుతూ పాడే రేల పాటలు వచ్చాయి, అవి అందరికీ వస్తాయి, ఊళ్లో అవి ఇంకా ఉన్నాయి. తిట్ల పాట మాత్రం ఒక్క చరణం కూడా మా మాటలో నాలుక మీదికి రాలేదు. పాత చరణాల అర్థం తెలుగులో గుర్తుంది, మాటలు లేవు. కొత్తగా కడదామంటే ఎవర్ని చూసి కట్టాలి? ఎదురుగా ఉన్నది ఫోను. దానికి బద్ధకం లేదు, గొప్పలు లేవు. మరునాడు జావ కలియబెడితే వస్తుందేమోనని పొయ్యి దగ్గర కూర్చున్నాను. స్వప్న వాళ్లమ్మ గ్యాసు పొయ్యి మీద కుక్కరు పెట్టి ఇచ్చింది. నాకు ఒళ్లు మండి, మూడు రాళ్లు తెచ్చి వాకిట్లో పొయ్యి పెట్టించుకున్నాను. కళ్లలోకి పొగ వచ్చింది గానీ పాట రాలేదు. ముత్తమ్మ అత్త ఉంటే "అడుగంటింది" అనేది. తనతో పాడిన జట్టులో మిగిలింది నేను ఒక్కదాన్నే. స్వప్న ఫోను జేబులో పెట్టుకుని "రేపు చూద్దాం తీ అమ్మమ్మా" అంది. ఆ పిల్ల మొహం చూడలేక నేను కోళ్లను తోలుతున్నట్టు అటు తిరిగాను.

పండుగనాడు గింజల కుప్ప పాతరోజుల్లో కంటే చిన్నదే, కానీ అందులో సామలున్నాయి. తాడు మాత్రం నైలాన్‌ది. మా కాలంలో మోదుగ నార తాడు పేనేవాళ్లం, అది పేనడమే సగం పండుగ. ఊరి మొగదల తారు రోడ్డు మీద తాడు కట్టి, పేడనీళ్ల బకెట్లు పెట్టుకుని, డెబ్భై ఏళ్లదాని నుంచి పదేళ్లదాని వరకు వరసగా నిలబడ్డాం. దారిన పోయే బండ్లు ఆగాలి, తాడు దాటాలంటే ఏదో ఒకటి ఇచ్చిపోవాలి. మొదట దొరికింది బూర్గంపాడు నుంచి వచ్చే ప్లాస్టిక్ సామాన్ల బండి. దాన్ని నడిపేది ఇర్ఫాన్. వాళ్ల తాత కరీం మామ సైకిల్ మీద పూసలూ రిబ్బన్లూ దువ్వెనలూ వేసుకుని మా ఊళ్లన్నీ తిరిగేవాడు. ఈ పండుగ పూట ఎవరూ దారిన పోకుండా జాగ్రత్తపడుతుంటే, ఆయన మాత్రం జేబునిండా పిప్పరమెంట్లు పోసుకుని మరీ ఇటే వచ్చేవాడు. కోయమాట మాలాగే మాట్లాడేవాడు. వరస కాదు గనుక పాట కట్టేవాళ్లం కాదని, "నా పాపం ఏంది బిడ్డా, నన్నొక్కణ్ణి తిట్టరు" అని అలిగేవాడు. ఆ మనుమడు కిటికీలోంచి తల బయటపెట్టి "స్కానర్ ఉందా అక్కా, ఫోన్ల కొడత" అన్నాడు. ఆడవాళ్లు నవ్వి నవ్వి తాడు వదిలేశారు. అతను సిగ్గుపడి, దిగి, పిల్లలందరికీ తలా ఒక రంగు గిన్నె ఇచ్చి పోయాడు. తాతకు తగ్గ మనుమడే.

ఎండ తలమీది నుంచి వాలాక మగవాళ్లు వచ్చారు. ఇప్పుడు వేట లేదు, చట్టం ఒప్పుకోదు. నాకూ అది సబబే అనిపిస్తుంది, ఉన్న నాలుగు జింకల్నీ పండుగ పేరుతో ఎందుకు చంపడం. పొద్దున్నే అడవిలోకి పోయి, దేవర చెట్టుకు మొక్కి, గుట్ట చుట్టూ తిరిగి రావడమే ఇప్పటి వేట. ఊరిపెద్ద ఒక్కడు కోడిని కోసి గింజల మీద రెండు చుక్కలు చిలకరిస్తాడు. అది బాగానే ఉంది. బాగాలేనిది మా మగపిల్లల తెలివి. అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకుని బైకుల మీద దిగారు, ప్రతివాడి హ్యాండిల్‌కీ ఒక నల్లకవరు. అడవి నుంచి ఊళ్లోకి రాకుండా, అటు నుంచి అటే సెంటరుకు పోయి బాయిలర్ కోళ్లు కొట్టించుకుని తెచ్చారు. ఉత్త చేతులు కావు కాబట్టి పేడనీళ్లు లేవు, తిట్లు లేవు, కొత్త టీషర్టులు ఖరాబు కావు. నుదుట బొట్టు పెట్టించుకుని, కవర్లు ఎత్తి చూపించి, ఫొటోలు దిగుతూ తాడు దాటుతున్నారు. మర్యాద ప్రకారం మేము నోరెత్తడానికి లేదు. వేట తెచ్చినవాణ్ణి తిట్టకూడదు, ఏం తెచ్చాడో మర్యాదలో రాసిలేదు. బకెట్లు నిండుగా అలాగే ఉన్నాయి. డీజే డబ్బా ఉన్న ఇంటి వైపు పిల్లలు అప్పుడే చూస్తున్నారు. స్వప్న నా పక్కన నిలబడి చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. నాకైతే సిగ్గులేకుండా మనసు కొంచెం నెమ్మదించింది. పాట రాలేదన్న మాట ఇక బయటపడదు కదా అనుకున్నాను.

అప్పుడు రాజమ్మ నా మోచేతిని పొడిచి "అదిగో" అంది. రోడ్డు మలుపులో, అందరికంటే వెనకగా, చెప్పులు చేత పట్టుకుని, ఒక ముసలాయన పెళ్లికి పోయినట్టు నడుచుకుంటూ వస్తున్నాడు. మనవళ్ల బైకు ఎక్కలేదు. ఒక చేతిలో చెప్పులు, రెండో చేతిలో చుట్ట. తాడు దగ్గరికి వచ్చి చెప్పులు కింద పెట్టాడు, చుట్ట పారేశాడు, రెండు చేతులూ చాచి నా ఎదురుగా నిలబడ్డాడు. జోగయ్య బావ. జుట్టంతా తెల్లబడింది, పళ్లు సగం లేవు, ఆ నిలబడే తీరు మాత్రం అదే.

అంతే. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. పాట నా గొంతులో కాదు, ఇంతకాలం అతని చేతుల్లో ఉన్నట్టు అనిపించింది. మా మాటలో, ముత్తమ్మ అత్త ఎత్తుకునే చోటనే ఎత్తుకున్నాను. దాని అర్థం తెలుగులో ఇట్లా ఉంటుంది: నీ చుట్ట వాసన నీకంటే ముందే అడవికి పోయింది బావా, అడవిపంది ఎదురొచ్చి నీ చుట్టకు నిప్పిచ్చి పంపిందా? జామాయిల్ తోటలో జింకను వెతికావా బావా, అక్కడ నీ నీడ కూడా నీతో రానని గుట్టెక్కి కూర్చుందా? నీ మనవళ్లు కోడికి దారి అడిగి సెంటరుకు పోయారు, నువ్వు దారి తెలిసి కూడా చేతులూపుకుంటూ వచ్చావు, నీకంటే ఆ కోడి నయం కాదా, ఊరిదాకా వచ్చింది! మూడో చరణానికి రాజమ్మ రోడ్డు మీదే కూర్చుని పొట్ట పట్టుకుంది. పెళ్లాం పాడకూడదని ఉంది గానీ నవ్వకూడదని లేదు. పాతరోజుల్లో నా వెనక వంత పాడే పిల్లల స్థానంలో ఇప్పుడు స్వప్న, దాని వెనక దాని బడిపిల్లలు, అర్థం తెలిసినా తెలియకపోయినా చివరి మాట అందుకుంటున్నారు. బకెట్టు ఎవరు ఎత్తారో చూడలేదు. పేడనీళ్లు కారుతున్న మొహంతో బావ నవ్వాడు. ఉన్న పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

మర్యాద ప్రకారం నేనే జావ పోసి ఇచ్చాను. అతను రోడ్డు పక్కన కూర్చుని, మొహం కూడా తుడుచుకోకుండా తాగాడు. మనవడు నీకొక కోడి కొనివ్వలేదా బావా అని అడిగాను. కొని ఇచ్చాడట, ఇతనే వద్దని వాపసు ఇచ్చాడట. ఆ మాట చెప్పి చిప్ప కింద పెట్టాడు.

"ఏటేటా ఉత్త చేతుల్తోనే వస్తున్న కన్నమ్మా" అన్నాడు మా మాటలో. "నువ్ పోయినకాడి నుంచి గిట్లనే. నీళ్లు పోస్తరు, నవ్వుతరు, పోతరు. పాట ఎవ్వలు పోస్తలేరు. నేను గూడ కోడి పట్టుకొచ్చుడు మొదలువెడితె, రేపు పాడెటోళ్లు వస్తె ఎవల్ని చూసి పాడాలె?"

ముత్తమ్మ అత్త కొడుకును నేను చేతగాని వేటగాడనుకుంటూ పాటలు కట్టాను. ఆ రోజుల్లో కూడా కావాలనే ఉత్త చేతులతో వచ్చేవాడా అని అడగబోయి ఊరుకున్నాను. రాజమ్మ వింటోంది, పైగా ఈ వయసులో కొన్ని సంగతులు తెలియకపోవడమే బాగుంటుంది. చిప్పలో ఇంకొంచెం జావ పోశాను. నా కళ్లు చెమ్మగిల్లడం చూసి, "నీకే పోయాలె ఇగ పేడనీళ్లు, ఓడిపోయినవ్" అన్నాడు. నిజమే, మర్యాద మర్యాదే. ఏడ్చింది తిట్టినవాళ్లయినా, తిట్టించుకున్నవాళ్లయినా.

అవతల తాడు దగ్గర సందడి మొదలైంది. స్వప్నకు పూనకం వచ్చినట్టుంది. బావ మనవడు నరేశ్ దానికి వరసకు బావే అవుతాడు. కొత్త టీషర్టుతో, నుదుట బొట్టుతో, నల్లకవరుతో బైకుకు ఆనుకుని నిలబడిన అతని ముందుకు పోయి, మా మాట సగం తెలుగు సగం కలిపి ఏదో ఎత్తుకోబోయింది. మొదటి మాటకే నేను ఇక్కడి నుంచి ఆపాను. "ఆగు బిడ్డా. వాని చేతిల కోడి ఉంది. తిట్టొద్దు, మర్యాద కాదు" అన్నాను. స్వప్న నోట్లో ఉన్న పాట నోట్లోనే ఉంచుకుని, కోపంగా ఒకసారి నా వైపు, ఒకసారి ఆ కవరు వైపు చూసింది.

నరేశ్ కాసేపు తల గోక్కున్నాడు. తాత వైపు చూశాడు. తాత పట్టించుకోనట్టు జావ తాగుతున్నాడు. అతను మెల్లగా నుదుటి బొట్టును మోచేత్తో తుడుచుకుని, కవరు తీసి పక్కనున్న స్నేహితుడి చేతిలో పెట్టి, తాడు కిందినుంచి వంగి అవతలికి పోయాడు. రోడ్డు మలుపు దాకా నడిచాడు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, కొత్త టీషర్టుతో, రెండు చేతులూ చాచుకుని, తాడు వైపు నడవడం మొదలుపెట్టాడు. స్వప్న గొంతు సవరించుకుంది.